ఇల్లు కప్పేవాడి పేరు

ఆ రోజు పళ్ళెంలోని బియ్యం మీద నేను రాసిన పేరు, రాస్తానని ఇంట్లో ఒప్పుకున్న పేరు కాదు. ఇరవై మంది చుట్టూ కూర్చుని చూస్తుండగా, ఉంగరం వేళ్ళ మధ్య పట్టుకుని, వేరే పేరు రాశాను. దానికి పావుగంట ముందు, మా నాన్న ఏం పని చేసేవాడని ఒకావిడ అడిగితే అబద్ధం చెప్పాను. చూడడానికి రెండు తప్పులు. నిజానికి ఒకటే.

ఇది జరిగి ఆరేళ్ళయింది. మావాడు ఇప్పుడు ఒకటో తరగతి. ఇందులో ఎవరి పేరూ రాయను. పేరు గురించిన ముచ్చటలో పేరే లేకపోవడం వింతగా ఉంటుందని తెలుసు. కానీ ఆ పేరు ఇప్పుడు వాడిది. నలుగురిలో దాన్ని ఒకసారి కాదన్నవాణ్ణి, వాణ్ణడక్కుండా మళ్ళీ వాడుకోవడం బాగుండదు.

మా నాన్న ఇళ్ళు నేసేవాడు. తాటాకు ఇళ్ళు. గోదావరి పక్క మా ఊళ్ళో ఎండలు ముదిరే లోపల పని మొదలుపెడితే తొలకరి పడేదాకా ఆయనకు తీరిక ఉండేది కాదు. కోసిన ఆకు ఆరబెట్టి, అణగదొక్కి, మీద బరువులు పెట్టి ఉంచేవారు. ఆ ఎండుతున్న ఆకు వాసన ఇప్పటికీ నాకు వేసవి సెలవుల వాసన. నాన్న నిచ్చెన ఎక్కి చూరు దగ్గర మొదలుపెట్టి, వరుస మీద వరుస వేసుకుంటూ సాయంత్రానికి కొప్పు దగ్గరికి చేరేవాడు. బడికి వెళ్ళేటప్పుడు ఏదో ఒక ఇంటి మీద కనిపించేవాడు. ‘ఏరా, అన్నం తిన్నావా?’ అని పైనుంచే కేకేసేవాడు. చిన్నప్పుడు ఆ కేకంటే నాకెంత గర్వమో! ఊళ్ళో అందరికంటే ఎత్తున ఉన్నది మా నాన్నే.

తొమ్మిదో తరగతికి వచ్చాక వేరే వీధిన వెళ్ళడం మొదలుపెట్టాను. ఆయన ఏ ఇంటి మీద ఉన్నాడో ముందే కనుక్కుని, ఆ వీధి తప్పించి. ఎవరూ ఏమీ అనలేదు. నాకు నేనే.

ఇంజనీరింగ్ హాస్టల్లో ‘మీ నాన్నగారేం చేస్తారు?’ అంటే ‘బిల్డింగ్ కాంట్రాక్టులు’ అన్నాను. అప్పటికి ఊళ్ళో డాబాలొచ్చేసి, ఆయనకు రొయ్యల చెరువుల దగ్గర కాపలా పాకలు తప్ప పని లేదు. ఆ మాట ఒకసారి నోట్లోంచి వచ్చాక మరిక వెనక్కి పోలేదు. ఆ హాస్టల్లో నా సీనియరే నేను కెనడా వచ్చాక విండ్సర్‌లో ఉద్యోగం చూపించాడు. అన్నా అని పిలుస్తాను. అన్నకు తెలిసిన మా నాన్న కాంట్రాక్టరు. మా పెళ్ళికి అన్న రాలేకపోయాడు కాబట్టి ఆ కాంట్రాక్టరు అలాగే ఉండిపోయాడు.

నా భార్యకు మాత్రం అంతా తెలుసు. పెళ్ళిచూపులకు వాళ్ళు వచ్చిన రోజున నాన్న పశువుల పాక మీదే ఉన్నాడు. కిందికి దిగి, ఒంటికి పట్టిన దుమ్ము దులుపుకుని, ‘కూర్చోండమ్మా, ఇప్పుడే వస్తా’ అన్నాడట. ఆ మాటకే ఈ సంబంధం ఒప్పుకున్నానని తను ఇప్పటికీ అంటుంది.

బిడ్డ పుట్టే ముందు మా అత్తగారికి వీసా రాలేదు. మా అమ్మ అప్పటికే లేదు. అందుకని పురిటికి నాన్న వచ్చాడు. ‘ఆడవాళ్ళు రావలసిన పనికి నేనొచ్చి ఏం చేస్తానురా?’ అంటూనే వచ్చాడు. ఏప్రిల్ మొదటివారం, చెట్లకింకా చిగుళ్ళు లేవు. నేను పొద్దున్నే కారు వేసుకుని ఆఫీసుకు పోతే, సెలవులో ఉన్న కోడలూ ఆయనా ఇంట్లో. నాలుగు రోజుల్లో ఆయనకు ఊపిరాడలేదు. ఐదో రోజు పొద్దున టపటపా మేకులు దిగుతున్న చప్పుడు విని కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

‘ఒరే అబ్బాయ్, పక్కింటి మీద ఎవరో ఎక్కార్రా!’

‘రూఫింగ్ నాన్నా. పాత షింగిల్స్, అదే ఆ తారు పలకలు, తీసి కొత్తవి వేస్తున్నారు.’

‘ఎన్నేళ్ళకోసారి?’

‘ఇరవై ఏళ్ళొస్తుందేమో.’

‘ఇరవయ్యా! మనది రెండేళ్ళొస్తే నాకు దణ్ణం పెట్టేవోరు.’

ఆ రోజంతా పంచె మీద నా పాత చలికోటు, తలకు మంకీ క్యాపు, అలా పేవ్‌మెంట్ మీద నిలబడి పక్కింటి కప్పు చూశాడట. పక్కింట్లో ఒక పెద్దాయన ఒంటరిగా ఉండేవాడు. కార్ల ఫ్యాక్టరీలో చేసి రిటైరయ్యాడు. చిన్నప్పుడు తల్లిదండ్రులతో హాలెండ్ నుంచి ఓడలో వచ్చాడు. నేను ఆ ఇంట్లో చేరి మూడేళ్ళయినా ఆయనతో ‘హాయ్’ తప్ప మాట్లాడింది లేదు. ఆయన మడత కుర్చీ వేసుకుని తన ఇంటి పని తనే చూసుకుంటున్నాడు. మధ్యాహ్నానికి లోపలికి వెళ్ళి ఇంకో కుర్చీ తెచ్చి నాన్న పక్కన వేశాడు. మర్నాటికి మూడో కుర్చీ వచ్చింది, నా భార్యకు. తనే ఇద్దరికీ అనువాదం.

‘చూరు కాణ్ణుంచే మొదలెట్టారమ్మా! చూశావా? పైనుంచి కాదు. నీళ్ళెక్కడైనా కిందికేగా పోవాలి’ అని నాన్న. అది తను ఇంగ్లీషులో చెబితే, ఆ పెద్దాయన తలూపి లేచి లోపలికి వెళ్ళాడట. కాసేపటికి ఫ్రేము కట్టిన పాత ఫోటో ఒకటి పట్టుకొచ్చాడు. అందులో పొట్టి గోడల ఇల్లు, కిటికీల దాకా దిగిన మందపాటి కప్పు. పెంకులు కాదు, రేకులు కాదు. రెల్లు.

‘మామయ్యగారూ, ఈయన ఇంటిపేరుకి వాళ్ళ భాషలో ఇల్లు కప్పేవాడని అర్థమట. వాళ్ళ ముత్తాతలంతా రెల్లుతో ఇళ్ళు నేసేవాళ్ళట, మీలాగే.’

‘ఆయ్! అయితే మనోడేనే!’ అని నాన్న ఆయన చెయ్యి రెండు చేతులా పట్టుకున్నాడు. ఆయనేదో అన్నాడు.

‘ఏటంటున్నాడమ్మా?’

‘తనకి మాత్రం నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతాయంటున్నారు.’

నాన్న పడీ పడీ నవ్వాడట. సాయంత్రం నేను ఇంటికొచ్చేసరికి ఇద్దరూ ఇంకా అక్కడే ఉన్నారు. నాన్న ఒక అట్టపెట్టె చింపి, దాని ముక్కలు ఒకదాని మీద ఒకటి పేర్చి, ఆకు ఎంత మేర కప్పాలో చూపిస్తున్నాడు. ఆ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని పరీక్షకు చదివే పిల్లాడిలా చూస్తున్నాడు. నన్ను చూసి నాన్న ‘రారా, కూర్చో’ అన్నాడు. చలిగా ఉందని చెప్పి లోపలికి వెళ్ళిపోయాను. ఆ వసంతం తలుచుకుంటే ఇప్పుడు ముందు గుర్తొచ్చేది ఆ నాలుగో కుర్చీయే. వేసుకోగలిగీ వేసుకోనిది.

మే నెలలో మావాడు పుట్టాడు. ఆశ్లేషా నక్షత్రం. చేయించవలసిన శాంతి ఏదో చేయిద్దామని చెప్పి, టొరంటో పంతులుగారు పేరుకు అక్షరాలు వాట్సాప్‌లో పంపారు. డీ, డూ, డే, డో. వాడి పాదానికి డే.

‘డే తో ఏం పేరుంటుంది పంతులుగారూ?’ అని ఫోన్ చేశాను.

‘చాలామంది దే చేసుకుంటున్నారు నాయనా. దోషమేం లేదు.’

దే అంటే ఈ మధ్య ఏ పుట్టినరోజు పార్టీకి వెళ్ళినా ముగ్గురు వెనక్కి తిరిగి చూసే పేరొకటి ఉంది. అది పెట్టేద్దామన్నాను. నా భార్య బిడ్డకు పాలిస్తూ కిటికీలోంచి పక్కింటి వైపు చూసింది.

తర్వాత అంది: ‘పక్కింటాయన ఇంటిపేరు డే తోనే కదా మొదలయ్యేది?’

‘ఇంటిపేరెలా పెడతాం?’

‘ఇక్కడ అందరూ పెట్టుకుంటున్నారుగా. మీ టీమ్‌లో ఆయన కొడుక్కీ, మన డాక్టరు మనవడికీ ఇంటిపేర్లే పేర్లు. నిన్ను మాత్రం ఆఫీసులో దేంతో పిలుస్తారు?’

నిజమే. మన పద్ధతిలో పాస్‌పోర్టులో ముందు పడ్డ ఇంటిపేరే ఈ దేశంలో నా పేరైపోయింది. పదేళ్ళుగా మా ముత్తాతల ఊరిపేరుతో పిలిస్తే పలుకుతున్నవాణ్ణి. తను ఇంకా అంది: ‘రెండు వైపులా సరిపోతుంది. అక్షరం కలిసింది. స్కూల్లో ఎవరికీ నోరు తిరక్కపోవడం ఉండదు. పైగా అది మామయ్యగారి పని పేరు. మన తాతల పేర్లు పెట్టుకోమా ఏంటి? ఇదీ అంతే.’

నాన్న గుమ్మంలో నిలబడి విన్నాడు. ‘నా పని పేరు పిల్లోడికెందుకమ్మా’ అన్నాడు. అన్నాడు కానీ, ఆ రోజు నుంచి ఉయ్యాల దగ్గర ఎవరూ లేరనుకున్నప్పుడు వాణ్ణి ఆ పేరుతోనే పిలవడం నేను విన్నాను. మెల్లగా, కొత్త చెప్పులు తొడుక్కున్నట్టు, ఒక్కో అక్షరం చూసుకుంటూ. నేనూ సరేనన్నాను. ఆ పేరు పెడితే దాని అర్థం నలుగురికీ చెప్పవలసి వస్తుందని అప్పుడు నాకు తోచలేదు.

బారసాల ఇరవై ఒకటో రోజున, మా హాల్లోనే. అన్నా వదినా, ఆఫీసు వాళ్ళు, నలుగురైదుగురు తెలుగువాళ్ళు. వాళ్ళలో ఒక ఆంటీ ఉన్నారు. విండ్సర్ వచ్చి ఇరవై ఐదేళ్ళు. ఈ ఊళ్ళో ఎవరింట్లో ఏం జరిగినా ఆవిడ చెయ్యి పడాలి, మాట కూడా పడాలి. పక్కింటి పెద్దాయన సూటు వేసుకుని, టై కట్టుకుని, అందరికంటే ముందొచ్చాడు. నా భార్య వెళ్ళి పిలిచింది. మీ పేరే పెడుతున్నామని కూడా చెప్పింది. నాన్న కొత్త పంచె కట్టుకుని ఆయన పక్కనే కూర్చున్నాడు.

ఆంటీ నాన్నను పలకరించారు. ‘ఏం అన్నయ్యగారూ, కెనడా నచ్చిందా? మీరేం చేసేవారు అక్కడ?’

నాన్న నోరు తెరిచాడు. ఆయన కంటే ముందు నేను తెరిచాను. ‘బిల్డర్ ఆంటీ. రిటైరయ్యారు.’

‘వీళ్ళ నాన్నగారివి పెద్ద పెద్ద కాంట్రాక్టులు ఆంటీ, హాస్టల్లో మాకందరికీ తెలుసు’ అని అన్న మెచ్చుకోలుగా అందుకున్నాడు. నాన్న నా వైపు ఒకసారి చూసి, నోరు మూసుకుని, పంచె కుచ్చెళ్ళు సర్దుకున్నాడు.

ట్యాబ్‌లోంచి పంతులుగారు మంత్రం చెబుతున్నారు. ‘ఇక నామధేయం బియ్యంలో రాయండి నాయనా.’

‘ఏం పేరు సెలెక్ట్ చేశారమ్మా? మీనింగ్ ఏంటి?’ ఆంటీ నా భార్యను అడిగారు.

‘డచ్ పేరు ఆంటీ. దానికి అర్థం మా మామయ్యగారి…’

‘అది ఊరికే సరదాకి అనుకున్నాంలెండి’ అని నేను మధ్యలో నవ్వాను. అలా నవ్వుతూనే పళ్ళెం మీదకు వంగి, ముగ్గురు వెనక్కి తిరిగి చూసే ఆ పేరు రాసేశాను. వాడి చెవిలో మూడుసార్లు చెప్పాను. అందరూ చప్పట్లు కొట్టారు. ‘చక్కటి పేరు, దేవుడి పేరు’ అన్నారు ఆంటీ. నా భార్య బిడ్డ నుదుటి మీది కుంకుమ తుడుస్తున్నట్టు తలొంచుకుంది.

పక్కింటి పెద్దాయన కూడా చప్పట్లు కొట్టాడు. తర్వాత నాన్న వైపు వంగి, పళ్ళెం చూపించి, తన గుండె మీద వేలు పెట్టుకుని, కనుబొమ్మలెత్తి అడిగాడు. మాటలు అక్కర్లేదు. అయిపోయిందా, నా పేరేనా, అని. పళ్ళెంలో రాసింది నాన్న చదివాడు. ఐదో తరగతి దాకా చదువుకున్న తెలుగు ఆయనది. తల నిలువుగా ఊపాడు. ‘ఓకే, ఓకే’ అన్నాడు. ఆ పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

అందరూ భోజనాలు చేసి వెళ్ళిపోయాక నా భార్య గిన్నెలు సర్దుతూ అంది: ‘వేరే పేరు రాసినందుకు కాదు నా కోపం. మామయ్యగారు నోరు తెరిచి ఇంతవరకు ఒక్క అబద్ధం ఆడడం నేను చూళ్ళేదు. ఇవాళ నీ కోసం తలూపారు. అది చూశావా?’

చూశానన్నాను.

‘మరి చూసి కూడా బిర్యానీ ఎలా వడ్డించావు?’

నాన్న వెనక గుమ్మం మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. వెళ్ళి పక్కన కూర్చున్నాను. ఎదురుగా పక్కింటి కొత్త కప్పు ఎండలో మెరుస్తోంది.

‘తప్పయింది నాన్నా.’

‘నాకేంట్రా’ అన్నాడు. ఆ కప్పు వైపే చూస్తూ, ‘ఎండలో, వానలో, పైకెక్కి చేసిన పని. కింద నిలబడి చేసింది కూడా కాదు, అందరికీ కనపడేలా చేసిందే. నాకెప్పుడూ సిగ్గనిపించలేదు. నీకనిపిస్తందని నాకు ఎప్పుడో తెల్సు. నువ్వు వీధి మార్చినప్పుడే తెల్సు.’

ఇరవై ఏళ్ళు తెలియదనుకున్నాను. పైన ఉన్నవాడికి అన్ని వీధులూ కనపడతాయని తొమ్మిదో తరగతి బుర్రకు తట్టలేదు.

‘నా తిరుగు టిక్కెట్టు ముందుకు జరుగుద్దేమో చూడరా’ అన్నాడు ఆఖరున. కోపంగా కాదు. మంచినీళ్ళు అడిగినట్టు. ‘ఆ ముసలాయన మొహం రోజూ చూడాలంటే నాకు కష్టంగా ఉంటది.’

అప్పటికి ఆయన వచ్చి రెండు నెలలు. ఇంకా నాలుగు నెలలు ఉండాల్సినవాడు. మనవడు బోర్లా పడుతుంటే చూసి వెళతానన్నవాడు. ఒక్క రోజు, రేపొక్క రోజు ఆగమని బతిమాలాను.

మర్నాడు ఆదివారం. పొద్దున్నే పక్కింటి తలుపు కొట్టాను. మూడేళ్ళలో మొదటిసారి. పెద్దాయన ఇంకా డ్రెస్సింగ్ గౌన్‌లో ఉన్నాడు. గుమ్మంలో నిలబడే చెప్పాను. నేను రాసింది మీ పేరు కాదు, మా నాన్న నన్ను కాపాడడానికి తలూపాడు, మా నాన్న పని నాకు సిగ్గుగా ఉండేది, అని. ఇంగ్లీషులో చెప్పడం తేలికే అయింది. పరాయి భాషలో సిగ్గు కొంచెం తక్కువేస్తుంది. అందుకే తెలుగులో కూడా చెప్పి తీరాలని అక్కడే అనుకున్నాను.

ఆయన గౌను నాడా బిగించి కట్టుకున్నాడు. ‘పేరు మీ ఇష్టం. నా పేరు ఎవరూ పెట్టకపోయినా నేను చచ్చిపోను’ అన్నాడు. ‘కానీ నేను అడిగింది మీ నాన్నని. నాకు ఆయన చెప్పాలి, నువ్వు కాదు. వెనక నా షెడ్డు కారుతోంది. కాఫీ తాగాక పంపించు. నిచ్చెన నేను పట్టుకుంటాను.’

ఇంటికొచ్చి నాన్నతో ఈ మాట చెప్పాను. ఆయన ‘ముందే చెప్పేశావా?’ అని మాత్రం అడిగి చొక్కా వేసుకున్నాడు. వాళ్ళిద్దరూ షెడ్డు దగ్గర ఏం మాట్లాడుకున్నారో, ఏ భాషలో మాట్లాడుకున్నారో నాకు తెలియదు. గంట తర్వాత ఒంటినిండా తారు మసితో తిరిగొచ్చి, ‘పాడు కప్పు. మళ్ళీ వెళ్ళాలి’ అన్నాడు. టిక్కెట్టు మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

పంతులుగారికి ఫోన్ చేసి పేరు మారుస్తానంటే, ‘తండ్రివి నువ్వు. మళ్ళీ చెవిలో చెప్పు’ అన్నారు. నా భార్యను పిలిచి, తన ఎదురుగా చెప్పాను. తను ‘ఇంకోసారి, గట్టిగా’ అంది. గట్టిగా చెప్పాను. వాడు ఉలిక్కిపడి ఏడుపందుకున్నాడు. ఆ మధ్యాహ్నమే తను పక్కన కూర్చుని ఒక్కో అక్షరం చూస్తుండగా రిజిస్ట్రేషన్ ఫారం నింపాను.

తర్వాత మిఠాయి డబ్బాలు కొని, బారసాలకు వచ్చిన ప్రతి ఇంటికీ బయల్దేరాను. ఏడు ఇళ్ళు. నాన్న కారెక్కాడు కానీ, ‘నేను దిగను. నువ్వెళ్ళిరా’ అన్నాడు. మొదటిది అన్న ఇల్లు. గుమ్మంలోనే చెప్పేశాను. ‘అన్నా, మా నాన్న కాంట్రాక్టరు కాదు. ఎప్పుడూ కాదు. తాటాకు ఇళ్ళు నేసేవాడు. మావాడి పేరుకు అర్థం అదే. నిన్న రాసిన పేరు కాదు వాడి పేరు.’

అన్న డబ్బా అందుకుని నవ్వబోయి ఆగాడు. ‘పదిహేనేళ్ళా? నాతో కూడానా?’ అన్నాడు. వదిన కాఫీ అంటున్నా ఆయన రమ్మనలేదు. ఆ నొప్పి కొన్నాళ్ళుంది. ఉండవలసిందే.

రెండో ఇల్లు ఆంటీది. అంతా విని, ‘ఈ మాటకు ఇంత దూరం రావాలా? ఫోన్ చేస్తే పోయేదిగా’ అన్నారు.

‘ఫోన్లో చెబితే నాకు తేలిగ్గా ఉంటుందాంటీ.’

ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, ‘అయితే ఆయనేడీ?’ అన్నారు. కార్లో ఉన్నాడంటే చెప్పులు కూడా వేసుకోకుండా డ్రైవ్‌వేలోకి నడిచి కిటికీ తట్టారు. ‘ఏం అన్నయ్యగారూ, వాకిట్లోనే కూర్చుంటారా? దిగండి. మా అమ్మమ్మగారి వంటపాక ఏడాదికోసారి నేయించేవాళ్ళు. నేసేవాళ్ళ కోసం ఆవిడ నెల ముందు నుంచీ కబురు మీద కబురు పెట్టేది. వాళ్ళు దొరికితే పండగ మాకు.’

నాన్న అద్దం దించాడు. ‘తాటాకాండీ, కొబ్బరాకాండీ?’

‘అది నాకేం తెలుసు? చిన్నదాన్ని.’

‘ఏడాదికోసారంటే కొబ్బరాకే అయ్యుంటదండీ’ అంటూ తలుపు తీసుకుని దిగాడు.

మిగిలిన ఐదు ఇళ్ళకూ నాతో లోపలికి వచ్చాడు. మూడో ఇంట్లో నేను చెప్పాను. నాలుగో ఇంట్లో నేను మొదలుపెడితే మధ్యలో ఆయన అందుకున్నాడు. ఐదో ఇంట్లో నేనింకా మొదలుపెట్టకముందే ఆ ఇంటాయన ‘మీరేం చేసేవారండీ?’ అని నాన్నను అడిగాడు. నేను మిఠాయి డబ్బా పట్టుకుని, నోరు మూసుకుని, నాన్న జవాబు చెప్పేదాకా పక్కన నిలబడ్డాను.